కాశీకి బడ్జెట్ విమానమా, ఫుల్ సర్వీసా? కౌంటరు వెనక నిలబడ్డవాడి జవాబు

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. డెబ్బై దాటిన అమ్మానాన్నలని తీసుకుని మీ దంపతులు జనవరిలో హైదరాబాద్ నుంచి కాశీ వెళ్తున్నారు. పెద్దవాళ్ళు విమానం ఎక్కడం ఇదే మొదలు. బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో నేరుగా వెళ్ళేదానికి మనిషికి 6,100 చూపిస్తోంది. ఫుల్ సర్వీస్‌లో అయితే 8,300, పైగా ఢిల్లీలో దిగి ఇంకో విమానం ఎక్కాలి. "మొదటిసారి కదా, మర్యాదగా చూసుకునేదాంట్లో తీసుకెళ్ళు" అని మీ బావగారి సలహా. మనిషికి 2,200 ఎక్కువ పెడితే నిజంగా ఏమొస్తుందని మీ ప్రశ్న.

నేరుగా వెళ్ళేదే తీసుకోండి. మీ బావగారి మాట తప్పని కాదు, అది పదిహేనేళ్ళ కిందటి మాట. ఇదే ప్రశ్న అమెరికా ప్రయాణం గురించి అడిగుంటే నేను సరిగ్గా దీనికి ఎదురు చెప్పేవాణ్ణి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను 2004లో బేగంపేటలో చెకిన్ కౌంటర్లో చేరాను. 2008 మార్చిలో అందరితోపాటు శంషాబాద్ వచ్చిపడ్డాను. మొదట పనిచేసింది ఫుల్ సర్వీస్ కంపెనీలో. అది మూతపడ్డాక బడ్జెట్ కంపెనీలో చేరి డ్యూటీ మేనేజర్ దాకా వెళ్ళాను. రెండు యూనిఫాంలూ వేసుకున్నాను, రెండింట్లోనూ తిట్లు తిన్నాను. ఆ కంపెనీల పేర్లు మాత్రం అడక్కండి.

ముందు ఈ రెండు రకాల మధ్య తేడా ఎక్కడ పుట్టిందో చూద్దాం. అమెరికాలో టెక్సాస్‌లో 1971లో సౌత్‌వెస్ట్ అనే కంపెనీ మొదలైంది. బోయింగ్ 737 ఒక్కటే రకం విమానం, ఒక ఊరినుంచి ఇంకో ఊరికి నేరుగా ప్రయాణం, భోజనాల్లేవు, దిగిన విమానం గబగబా మళ్ళీ ఎగరాలి. బడ్జెట్ విమానాలన్నీ ఆ పద్ధతికి పిల్లలే. మన దగ్గరికి దాన్ని తెచ్చింది కెప్టెన్ గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్, 2003లో. మొదట్లో వాళ్ళ విమానాల్లో సీటు నంబర్లు ఉండేవి కావు. బస్సు దిగగానే జనం మెట్ల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునే ఊళ్ళలోంచి వచ్చినవాళ్ళం కాబట్టి మనకది వింతగా అనిపించలేదు. పైలట్లకే కొత్తగా ఉండేదనుకుంటాను.

ఆ తరవాత 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. అవతలి వైపు కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్లో ఆగిపోయింది, విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. అంటే ఇవాళ దేశం లోపల ఫుల్ సర్వీస్ అనే బోర్డు పెట్టుకున్న పెద్ద కంపెనీ ఎయిర్ ఇండియా ఒక్కటే. బడ్జెట్ వైపు కూడా అందరూ బతకలేదు, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయింది. మీ ప్రశ్నకి జవాబు సగం ఈ పేరాలోనే ఉంది. మిగతా సగం కింద చెప్తాను.

ఫుల్ సర్వీస్‌ని ఆకు వేసి అన్నీ వడ్డించే మీల్స్ హోటల్ అనుకోండి, బడ్జెట్‌ని కర్రీ పాయింట్ అనుకోండి. కర్రీ పాయింట్‌లో కూర కట్టిస్తారు, అన్నం మీరే వండుకోవాలి. అప్పడం కావాలంటే దానికి వేరే డబ్బు. అందులో మోసమేమీ లేదు. మోసం ఎప్పుడంటే, మీల్స్ రేటు తీసుకుని కర్రీ పాయింట్ పొట్లం చేతికిచ్చినప్పుడు. ఈమధ్య అదే జరుగుతోంది, మెల్లిమెల్లిగా.

లగేజీ సంగతే చూడండి. నేను ఫుల్ సర్వీస్‌లో ఉన్న రోజుల్లో బడ్జెట్ వాళ్ళు 15 కిలోలంటే మా వైపు అంతకంటే చాలా ఎక్కువే ఇచ్చేవాళ్ళు. అదే మా గొప్ప. 2024 మేలో ఎయిర్ ఇండియా కూడా దేశం లోపలి చౌక టికెట్లకి లగేజీని 15 కిలోలకి దించేసింది. పై మెట్టు టికెట్ తీసుకున్నవాళ్ళకి మాత్రం 25 ఉంచింది. చేతి సంచి ఇక్కడా అక్కడా 7 కిలోలే. అంటే ఏ కంపెనీ అన్నది కాదు, ఆ కంపెనీలో ఏ రకం టికెట్టు అన్నది చూడాలి. మీ 8,300 టికెట్టు ఏ రకమో ఒకసారి విప్పి చూడండి. కింది మెట్టుదే అయితే లగేజీలో మీకు ఒక్క కిలో కూడా కలిసిరాదు.

లగేజీ ఎక్కువవుతుందని తెలిస్తే ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కొనేసుకోండి. కౌంటరు దగ్గర కిలోకి చెప్పే రేటు ఎప్పుడూ దానికంటే ఎక్కువే. సంక్రాంతి తరవాత వారం రోజులు శంషాబాద్‌లో తూకం యంత్రం పక్కన పెట్టెలు విప్పి అరిసెల డబ్బాలు చేతి సంచుల్లోకి మార్చే సంసారాలని వందల్లో చూశాను. ఆ పని ఇంట్లో చేస్తే ఎవరూ చూడరు.

ఇక సీట్లు. ఒకే ఎయిర్‌బస్ ఎ320 విమానంలో ఇండిగో 186 సీట్లు పెడుతుంది. విస్తారా మూడు తరగతులు కలిపి 164 పెట్టేది. రెక్కలూ అవే, ఇంజన్లూ దాదాపు అవే. 22 మంది అదనంగా ఎక్కడ కూర్చున్నారంటే, మీ మోకాళ్ళకీ ముందు సీటుకీ మధ్య ఉండాల్సిన ఖాళీలో. మన దేశంలో విమానం నడిపే ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనానిదే. అక్కడ ఎవరూ పెద్దగా మిగుల్చుకోలేరు. అందుకని సీట్ల సంఖ్యలోనూ, విమానాన్ని నేలమీద ఎంత తక్కువసేపు ఉంచామన్నదాంట్లోనూ మిగుల్చుకుంటారు. ఆరడుగుల మనిషికి రెండు గంటలు ఇబ్బందే. మీ నాన్నగారు పొడగరి అయితే మొదటి వరుసల్లోనో, ఎమర్జెన్సీ ద్వారం దగ్గరో సీటు కొనాలనిపిస్తుంది. కానీ ఎమర్జెన్సీ వరుసలో పెద్దవాళ్ళని కూర్చోనివ్వరు. అవసరమైతే ఆ తలుపు తీయగల సత్తువ ఉన్నవాళ్ళకే ఆ సీట్లు.

సీటు ఎంచుకోవడానికి డబ్బు రెండుచోట్లా ఉంది. ఉచితంగా ఇచ్చేవి మధ్య సీట్లూ, వెనక సీట్లూ. ఏమీ కట్టకపోతే సిస్టమ్ మిమ్మల్ని నలుగురినీ నాలుగు మూలలకి విసిరేసే అవకాశం బాగా ఉంది. పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్లో ఆదేశించింది, ఆ ఆదేశం పెద్దవాళ్ళకి వర్తించదు. మీరు మిగుల్చుకునే 2,200లోంచి కొన్ని వందలు ఇక్కడ ఖర్చు పెట్టండి. అమ్మగారికి నడవ పక్క సీటు, ఆవిడ పక్కనే మీలో ఒకరు. చెకిన్ గురించి కూడా ఒక మాట: వెబ్ చెకిన్ చేసుకోలేదని కౌంటర్లో బోర్డింగ్ పాస్‌కి డబ్బు అడగకూడదని 2022లోనే విమానయాన శాఖ తేల్చిచెప్పింది.

భోజనం గురించి అందరూ ఎక్కువగా మాట్లాడతారు కానీ దాంట్లో పెద్ద విషయం లేదు. రెండు గంటల ప్రయాణంలో ఎక్కడానికి, దిగడానికి పోను సిబ్బందికి దొరికేది గంట, గంటంబావు. 50 సీట్లకి ఒక క్యాబిన్ సిబ్బంది చొప్పున ఉండాలన్నది నిబంధన. అంటే నలుగురు కలిసి 180 మందికి ట్రే పెట్టి, తీసి, తుడవాలి. వేడన్నం పప్పు అనుకుని ఎదురుచూస్తే నిరాశపడతారు. బడ్జెట్‌లో వేడినీళ్ళు పోసిచ్చే కప్పు ఉప్మా కొనుక్కోవచ్చు, మంచినీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు. మీ అమ్మగారు బయట వండింది తినరంటే పులిహోరో చపాతీయో చేతి సంచిలో పెట్టుకోండి, దేశం లోపలి విమానాల్లో ఎవరూ ఏమీ అనరు. పచ్చడి మాత్రం వద్దు. సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెడతారు, ఆవకాయ జాడీకి అంతకంటే అవమానం లేదు.

సిబ్బంది మర్యాద మాటకొస్తే, మనుషులు వేరువేరు అనుకోకండి. ఒకే శిక్షణ కేంద్రాల్లోంచి వచ్చిన పిల్లలే ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. నా కింద పనిచేసిన అమ్మాయిలు ముగ్గురు అవతలి కంపెనీకి వెళ్ళారు, ఇద్దరు అటునుంచి ఇటొచ్చారు. చీర మారింది, స్కర్టు మారింది, ఓపిక మారలేదు. మారేది వాళ్ళ చేతిలో ఉన్న సమయం, ఇంకా వాళ్ళ చేతిలో ఉన్న అధికారం. ఈ రెండోదాన్ని ప్రయాణికులు గమనించరు.

ఫుల్ సర్వీస్ కౌంటర్లో నా దగ్గర ఒక సొరుగు ఉండేది. అందులో భోజనం కూపన్ల కట్ట. విమానం ఆలస్యమైతే ఎవరినీ అడక్కుండా ఇచ్చేవాణ్ణి. ముసలాయన పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగితే ట్యాగు వేసి పంపించేసేవాణ్ణి, సాయంత్రం మేనేజర్‌కి చెప్పేవాణ్ణి. బడ్జెట్ కంపెనీకి మారాక అలాంటి సొరుగు లేదు. స్క్రీన్ మీద ఎక్కువ బరువు అని ఎర్రగా పడితే డబ్బు కట్టించుకుంటే తప్ప బోర్డింగ్ పాస్ ముద్ర పడదు. నేను దయగా ఉన్నానా, కఠినంగా ఉన్నానా అన్నదానితో సంబంధం లేదు. మొదటి ఏడాది నాకది చాలా కష్టంగా ఉండేది. తరవాత దాని రెండో ముఖం కనిపించింది: ఎమ్మెల్యే గారి బావమరిదికీ, కూలిపనికి దుబాయ్ వెళ్ళే కుర్రాడికీ ఒకే లెక్క. మినహాయింపులు ఉన్నచోట అవి ఎవరికి దొరుకుతాయో మీకు తెలియనిది కాదు.

ఇంకోటి, వేళకి బయల్దేరడం. బడ్జెట్ కంపెనీ బతికేది విమానాన్ని రోజుకి ఐదారు సార్లు తిప్పడం మీద. దిగిన అరగంటలో మళ్ళీ గేటు వదలాలి. అందుకే గేటు 25 నిమిషాల ముందు మూసేస్తే మూసేసినట్టే. కాఫీ తాగి వస్తానన్నవాణ్ణి వదిలేసి, లోపలున్న అతని పెట్టెని దింపించి విమానాన్ని పంపించిన రోజులున్నాయి. మీకది మొరటుగా కనిపించవచ్చు. లోపల కూర్చున్న 185 మందికి మాత్రం అదే మర్యాద.

ఇప్పటిదాకా చెప్పినవి చిన్న విషయాలు. విమానాల్లో సేవ అన్నది పరీక్షకి నిలబడేది అనుకున్నట్టు జరగనప్పుడు. ఆలస్యం, రద్దు, సీటు లేదనడం, పెట్టె రాకపోవడం. ఇరవై ఏళ్ళలో నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వనివి ఇవే.

చట్టం దగ్గర రెండు రకాల కంపెనీలకీ తేడా లేదు. చాలామందికి ఇది తెలియక "బడ్జెట్ కదా, అడగడానికి ఏముంటుంది" అని వెళ్ళిపోతారు. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి విమానం రెండు గంటలకి మించి ఆలస్యమైతే, వేళకి చెకిన్ అయినవాళ్ళకి తిండీ నీళ్ళూ ఇవ్వాలి. ఆరు గంటలు దాటుతుందని తెలిస్తే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. ఆలస్యం 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపు బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకి మించి ఆలస్యమైనా హోటల్ గది ఇవ్వాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణం నిడివిని బట్టి 5,000, 7,500, 10,000 రూపాయలు. కాకపోతే ఆ మొత్తం, మీ టికెట్ మూలధర ఇంధన రుసుము కలిపిన మొత్తం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. సీట్లకంటే ఎక్కువ టికెట్లమ్మి మిమ్మల్ని ఎక్కనివ్వకపోతే, గంటలోపు బయల్దేరే వేరే విమానం చూపించలేనప్పుడు పరిహారం 10,000 దాకా, 24 గంటలు దాటితే 20,000 దాకా వెళ్తుంది. పొగమంచు, తుఫాను, సమ్మెలాంటి కారణాలకి నగదు పరిహారం రాదు.

ఈ నిబంధనలో ఒక చిన్న మెలిక ఉంది. టికెట్ కొనేటప్పుడు మీ ఫోన్ నంబరు సరిగ్గా ఇవ్వకపోతే, కబురు అందలేదని పరిహారం అడగలేరు. ట్రావెల్ ఏజెంటు దగ్గర కొన్న టికెట్లలో చాలావాటికి ఏజెంటు నంబరే ఉంటుంది. విమానం రద్దయిందన్న మెసేజ్ ఆయన ఫోన్‌లో మోగుతుంది, ఆయనేమో నిద్రలో ఉంటాడు. కంపెనీ సైట్లో నేరుగా కొనుక్కుని మీ సొంత నంబరు ఇవ్వండి. ఒకవేళ మీరే ప్రయాణం మానుకున్నా, రీఫండ్ రాదని రాసున్న టికెట్‌కి కూడా విమానాశ్రయం ఫీజులూ పన్నులూ వెనక్కి రావాలి. అడిగి తీసుకునేవాళ్ళు నూటికి పదిమంది ఉంటారేమో నా అనుభవంలో. మాట వినకపోతే ప్రభుత్వం వారి ఎయిర్‌సేవ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, పైనుంచి ప్రశ్న వస్తే కదులుతారు.

చట్టంలో లేనిది ఒకటుంది, ఒకప్పుడు ఫుల్ సర్వీస్‌కి అసలు విలువ దానివల్లే. మా విమానం చెడిపోతే నేను ఎఫ్‌ఐఎం అనే కాగితం రాసి ప్రయాణికుల్ని పోటీ కంపెనీ విమానం ఎక్కించేవాణ్ణి. పేర్లు, టికెట్ నంబర్లు రాసి సంతకం పెడితే చాలు, డబ్బు లెక్కలు తరవాత కంపెనీలు చూసుకునేవి. ఒకసారి ఇంజన్‌లో ఏదో తేడా వచ్చి బేగంపేటలో విమానం ఆగిపోతే అరవైమందికి పైగా అలా రాసిచ్చాను, చేతివేళ్ళు నొప్పిపుట్టాయి. గంటన్నరలో అందరూ బొంబాయి దారి పట్టారు. బడ్జెట్ కంపెనీల మధ్య అలాంటి ఒప్పందాలు ఉండవు. తన తరవాతి విమానం ఎప్పుడుంటే అప్పుడే.

మీ బావగారి మనసులో ఉన్నది ఆ రోజులే. కానీ ఇప్పుడు దేశం లోపల ఆ కాగితం రాసివ్వడానికి అవతల ఎవరున్నారు? జెట్ లేదు, కింగ్‌ఫిషర్ లేదు, విస్తారా ఎయిర్ ఇండియాలోనే కలిసింది. అందుకని దేశం లోపల మీరు చూడాల్సింది బోర్డు కాదు, మీ దారిలో ఆ కంపెనీకి రోజుకి ఎన్ని విమానాలున్నాయన్నది. హైదరాబాద్–ఢిల్లీ లాంటి దారిలో ఒకటి రద్దయితే రెండు మూడు గంటల్లో ఇంకోటి దొరకొచ్చు. రోజుకి ఒకటే ఉన్న దారిలో పరుపూ దిండూ ఇచ్చినా మర్నాటి దాకా కూర్చోవాల్సిందే.

విమానాలు ఎక్కువున్న కంపెనీ కూడా ఒక్కోసారి మొత్తంగా కూలబడుతుంది, ఇది దాచను. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగోకి జరిగింది గుర్తుండే ఉంటుంది. పైలట్ల విశ్రాంతి గంటల మీద కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి, చాలినంతమంది పైలట్లు లేరు, ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. పెట్టెల గుట్టలు, పెళ్ళిబట్టలతో నేలమీద కూర్చున్న జనం. మిగతా కంపెనీల టికెట్లు ఆకాశాన్నంటితే ప్రభుత్వం తాత్కాలికంగా ధరలకి కళ్ళెం వేయాల్సి వచ్చింది. అది బడ్జెట్ కాబట్టి జరగలేదు. దేశంలో విమానప్రయాణం చేసే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు ఒకే కంపెనీ మీద ఆధారపడ్డారు కాబట్టి అది అంతమందికి తగిలింది.

ఇక రెండు విమానాలు మారే ప్రయాణంలో ఒక ఘోరమైన తప్పు జరుగుతుంటుంది. ఒక డిసెంబరు రాత్రి నిజామాబాద్ వైపునుంచి వచ్చిన దంపతులు నా కౌంటరు ముందు నిలబడ్డారు. కొడుకు టొరంటోలో ఉన్నాడు. ఢిల్లీ దాకా మా చౌక టికెట్టు విడిగా కొన్నాడు, ఢిల్లీనుంచి టొరంటోకి వేరే కంపెనీలో విడిగా కొన్నాడు. అలా తొమ్మిది వేలు మిగిలాయట. ఢిల్లీలో పొగమంచు, మా విమానం మూడున్నర గంటలు ఆలస్యం. అవతలి విమానం వెళ్ళిపోయింది. మాకు ఆ రెండో టికెట్టుతో సంబంధం లేదు. అవతలి కంపెనీ దృష్టిలో ఈ దంపతులు రాకుండా పోయిన ప్రయాణికులు. రెండు కంపెనీలూ నియమం ప్రకారమే మాట్లాడాయి, ఆ పెద్దాయన మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని కొడుకు అరుపులు వింటూ నిలబడ్డాడు. ఆయన చేతిలో కొత్త టికెట్ ఖరీదు నేను రాసిచ్చిన చీటీ ఉంది. తొమ్మిది వేలకి పది రెట్లు దాటింది.

అదే రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు తరవాతి విమానంలో కూర్చోబెట్టే పూచీ కంపెనీదే. పెట్టెకి హైదరాబాద్‌లోనే చివరి ఊరి ట్యాగు పడుతుంది. అమెరికా, కెనడా, యూరప్ వెళ్ళేవాళ్ళకి అమ్మానాన్నల విషయంలో నేను చెప్పేది ఒకటే: అక్కడ డబ్బుకి చూడకండి, ఒకే టికెట్టు మీద ఫుల్ సర్వీస్ తీసుకోండి. పద్నాలుగు, పదహారు గంటల ప్రయాణంలో కాళ్ళు చాపుకునే జాగా, వేడి భోజనం, మందులు వేసుకోవడానికి అడగ్గానే వచ్చే నీళ్ళు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీల్‌చైర్ సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికా దారి విమానాల గేటు దగ్గర వీల్‌చైర్ల బారులో కూర్చున్న మన అమ్మమ్మల్లో సగం మంది కాళ్ళు గట్టిగానే ఉంటాయి. దారి అడగడానికి ఇంగ్లీషు రాదన్న భయంతో కుర్చీ ఎక్కుతారు. నేను వాళ్ళని ఎప్పుడూ తప్పుపట్టలేదు.

గల్ఫ్ వెళ్ళే జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళ లెక్క వేరు. నాలుగు గంటల ప్రయాణం, దిగాక క్యాంపుకి తీసుకెళ్ళే బస్సు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఎయిర్ అరేబియా, ఫ్లైదుబాయ్ లాంటివి వాళ్ళ కోసమే పుట్టినట్టుంటాయి. టికెట్‌తో లగేజీ ఎంత వస్తుందో చూసుకుంటే చాలు. స్కూట్, ఎయిర్ ఏషియా ఎక్కి సింగపూర్, కౌలాలంపూర్ వెళ్ళేవాళ్ళు మాత్రం గుర్తుంచుకోండి, వాళ్ళు నిఖార్సయిన బడ్జెట్ కంపెనీలు. నీళ్ళ సీసా కూడా కొనుక్కోవాలి, బయటి తిండి విమానంలో తినకూడదని వాళ్ళ నియమం.

పెట్టె రాకపోతే ఏ కంపెనీ అయినా సరే బెల్టు దగ్గరినుంచి బయటికి రాకముందే పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకోండి. బయటికి వచ్చి రేపు ఫోన్ చేద్దాం అనుకున్నవాళ్ళ పెట్టెలకి నేను చాలా సంజాయిషీలు రాశాను. పెట్టెలో బంగారం, మందులు, పాస్‌పోర్టు కాగితాలు వేయకండి. దేశం లోపల పోయిన లగేజీకి గరిష్ఠ బాధ్యత 20,000 రూపాయలే. ఫుల్ సర్వీస్ టికెట్టు కొన్నారని అది పెరగదు.

సరే, మీ కాశీకి వద్దాం. ఢిల్లీలో దిగి మారడమంటే పెద్దవాళ్ళకి ఇంకోసారి ఎక్కడం, ఇంకోసారి దిగడం, మధ్యలో అంతులేని నడక. టెర్మినల్ కూడా మారాల్సి రావొచ్చు, టికెట్ మీద చూసుకోండి. జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి ఆ నిజామాబాద్ దంపతుల్ని అడగండి. ఆ 2,200కి మీకొచ్చేది ఒక ట్రే భోజనం. దానికి బదులుగా ఇచ్చేది నాలుగైదు గంటల అలసట.

మామూలుగా అయితే పొద్దున మొదటి విమానం ఎక్కమంటాను, ఎందుకంటే విమానం రోజంతా తిరుగుతూ ఆలస్యాల్ని పోగేసుకుంటుంది, సాయంత్రానికి అవి మీ నెత్తిన పడతాయి. కానీ ఉత్తరాదిన పొగమంచు పట్టే రోజుల్లో ఇది తిరగబడుతుంది. తెల్లవారగానే దిగాల్సిన విమానాలకి రన్‌వే కనిపించదు. మంచు విడిచాక మధ్యాహ్నం దిగేది చూసుకోండి. బాబత్‌పూర్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, చీకటి పడకముందే బస చేరతారు.

అమ్మానాన్నలకి రెండు వీల్‌చైర్లు కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పండి, కనీసం 48 గంటల ముందు. నడవడం కష్టమైనవాళ్ళకి దానికి డబ్బు లేదు. నాన్నగారు "నాకెందుకురా, నడుస్తాను" అంటారు. శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటి గేటు దాకా నడిచాక ఆ మాటే ఇంకోలా అంటారు. ఇండిగో వాళ్ళు మెట్ల బదులు వాలుగా ఉండే ర్యాంపు చాలాచోట్ల వాడతారు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికి అది మేలు.

పూజ సామానులో ఎండు కొబ్బరి చిప్పలు పెట్టకండి. నూనె ఉండి వేడెక్కి అంటుకుంటుందని చెకిన్ పెట్టెలో కూడా ఒప్పుకోరు, స్కానర్ దగ్గర పెట్టె విప్పిస్తారు. తిరుగు ప్రయాణంలో గంగాజలం చెంబులు చేతి సంచిలో వద్దు, ప్లాస్టిక్ కవరు చుట్టి బట్టల మధ్య చెకిన్ పెట్టెలో పెట్టండి. సీలు వేసిన చెంబు అని దుకాణంవాడు ఎంత చెప్పినా సరే కవరు చుట్టండి. తడిసిన పెట్టెలు నేను చాలానే దింపించాను.

బావగారు కూడా వస్తుంటే, కాశీలో ఎలాగూ ఇష్టమైనదేదో ఒకటి వదిలిపెట్టాలి కదా, విమానం భోజనం వదిలేయమని నా మాటగా చెప్పండి.